ముందు మట్టి కడగాలి

మా నాయన చెప్పులు కుట్టాడు. నేను చక్రాలు తూకం వేస్తాను. రెండూ నేలకు దగ్గరగా ఉండే పనులు. రెండింటికీ తల వంచుకునే కూచోవాలి. తల వంచుకున్నవాడికి కనపడేవి కొన్ని ఉంటాయి. వాటి గురించే ఇది.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. ఆరె, రంపె, గూటం మా ఇంట్లోకి బైబిలు కంటే ముందు నుంచీ ఉన్నాయి. మోటలు నడిచినంత కాలం మా తాత మోట బొక్కెనలకు తోలు తొండాలు కుట్టాడు. కరెంటు మోటార్లు వచ్చి మోటలు పోయాయి. లందల్లో తోలు నానేయడం కూడా తగ్గిపోయింది. అప్పుడు మా నాయన టైరు మీద పడ్డాడు. అరిగిపోయిన లారీ టైర్లు తెచ్చి, అంచులో ఉండే ఇనప తీగ చుట్టను కోసి పారేసి, మిగిలిన రబ్బరును పొరలు పొరలుగా వలిచేవాడు. రంపెను నీళ్లలో ముంచి కోస్తే రబ్బరు లొంగుతుంది. పొడిగా కోస్తే కత్తిని పట్టేసుకుంటుంది. ఇది నాకు బడికి పోకముందే తెలుసు.

జత కుట్టడం అయ్యాక మా నాయన ఒక పని చేసేవాడు. రెండు చెప్పుల్నీ రెండు అరచేతుల్లో పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. కాసేపు అట్టాగే ఉండి, ఒకదాన్ని కింద పెట్టి, రెండోదాని అడుగు నుంచి పల్చటి పొర ఒకటి వలిచేవాడు. మళ్లీ చేతుల్లో పెట్టుకునేవాడు.

‘‘ఎందుకు నాయనా, అంతలో ఏమైద్ది?’’ అని అడిగాను ఒకసారి.

‘‘బరువు తేడా ఉంటే అడుగు తేడా వచ్చిద్దిరా. నాలుగడుగులకి తెలవదు. నాలుగు మైళ్లు నడిస్తే నడుం చెప్పుద్ది’’ అన్నాడు.

అంత లెక్కగా కుట్టిన మనిషి ఊళ్లోకి పోయేటప్పుడు తన చెప్పులు విడిచి చేత్తో పట్టుకునేవాడు. డొంక దాటాక మళ్లీ తొడుక్కునేవాడు. ఊరంతా ఆయన కుట్టిన చెప్పుల మీద నడిచేది. ఆయన మాత్రం ఆ ఊరి వీధుల్లో వట్టి కాళ్లతో నడిచాడు.

1985 జులై 17న కారంచేడులో మా మాదిగలు ఆరుగుర్ని చంపినప్పుడు నాకు ఏడేళ్లు. తాగే చెరువు కాడ బర్రెల కుడితి బకెట్టు కడగొద్దన్న మాటతో ఆ గొడవ మొదలైంది. మా పల్లెలో ఆ రాత్రి దీపాలు వెలగలేదు. మంచినీళ్లలో మురికి కలపొద్దంటే ప్రాణాలు పోతాయని నాకు ఆ వయసులో తెలిసింది. 1994లో మా జిల్లాలోనే ఈదుమూడిలో దండోరా పుట్టినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. పేరు పక్కన మాదిగ అని రాసుకోవడం అప్పుడే నేర్చుకున్నాం. నాకు ఇంగ్లీషు పోయింది. ఫిజిక్స్ మాత్రం పోలేదు.

ఫిజిక్స్ నాకు ఎక్కడానికి కారణం వడిసెల. చిన్నప్పుడు జొన్నచేలల్లో పిట్టలు తోలడానికి మంచె ఎక్కేవాళ్లం. వడిసెలలో రాయి పెట్టి తిప్పితే తాడు చేతిని లాగుతుంది. నెమ్మదిగా తిప్పితే చిన్నగా లాగుతుంది. వేగం పెంచితే భుజం ఊడిపోతుందేమో అన్నట్టు లాగుతుంది. రాయి అదే, తాడు అదే, పెరిగింది వేగం ఒక్కటే. వేగం రెండింతలైతే లాగుడు నాలుగింతలు అవుతుందని, మూడింతలైతే తొమ్మిదింతలు అవుతుందని లెక్చరరు బోర్డు మీద రాస్తే, నేను వెనక బెంచీలో కూచుని ‘ఇది నాకు తెలుసు’ అనుకున్నాను. క్లాసులో అట్లా అనుకున్నది అదొక్కసారే.

1998లో నేను ఒంగోలు దాటాక హైవే పక్కన ఉన్న ఒక టైర్ల షాపులో చేరాను. అప్పట్లో అది అయిదో నంబరు జాతీయ రహదారి. మద్రాసు నుంచి కలకత్తా వైపు పోయే రోడ్డే గానీ, మా దగ్గర ఎదురెదురుగా రెండు లారీలు వస్తే ఒకటి మట్టిలోకి దిగాల్సిందే. నా పని జాకీ పెట్టడం, నట్లు విప్పడం, రిమ్ము నుంచి టైరు ఊడగొట్టడం, ట్యూబు నీళ్ల తొట్లో ముంచి బుడగలు చూడడం, రాత్రిళ్లు షాపులోనే పడుకుని పంచర్ల కోసం లేవడం. ఆ రోడ్డు మీద సరుకుల బండ్లు 50, 60 దాటి పోయేవి కావు. పోదామన్నా గుంతలు పోనిచ్చేవి కావు. చక్రంలో తేడా ఉందో లేదో ఎవరికీ పట్టేది కాదు. వణికితే రోడ్డు వణికించింది అనుకునేవాళ్లు.

తర్వాత వాజ్‌పేయి ప్రభుత్వం స్వర్ణ చతుర్భుజి అని పేరుపెట్టి నాలుగు లైన్ల రోడ్లు వేసింది. 2004 నాటికి మా షాపుకి అటూ ఇటూ కొత్త రోడ్డు మీద బండ్లు పరిగెడుతున్నాయి. రోడ్డు నున్నగా అయ్యాక బండ్ల రోగం బయటపడింది. ‘డెబ్బై దాటితే స్టీరింగు కొట్టుకుంటంది’, ‘ఎనభై మీద సీటు అదురుతంది’ అని డ్రైవర్లు వరసగా రావడం మొదలుపెట్టారు. ఓనరు అది చూసి 2003లోనే బ్యాలెన్సింగ్ మిషను కొన్నాడు. దాన్ని అద్దాల గదిలో పెట్టించి, తన మేనల్లుణ్ణి దాని దగ్గర కూచోబెట్టాడు. ఆ గదికి గుమ్మం దాకా చక్రం దొర్లించుకుని పోవడం నా పని. గుమ్మం దగ్గర మేనల్లుడు అందుకునేవాడు.

‘‘మిషను ముట్టుకోబాకరా. నీ చేతులకు గ్రీజు ఉంటది’’ అనేవాడు ఓనరు.

మేనల్లుడి చేతులకూ గ్రీజే ఉండేది. నేనేమీ అనలేదు. గ్రీజు అన్న మాటకు అర్థం ఇద్దరికీ తెలుసు.

కానీ అద్దాల గదికి అద్దాలుంటాయి. ఏడాదిన్నర చూశాను. చక్రాన్ని షాఫ్టుకి ఎక్కించి కోనుతో నడిమధ్యకు బిగిస్తాడు. మూడు కొలతలు పెడతాడు. మిషను నుంచి రిమ్ము ఎంత దూరం, రిమ్ము ఎంత వెడల్పు, ఎన్ని అంగుళాల రిమ్ము. మూత వేస్తే చక్రం తిరుగుతుంది. ఆగాక రెండు అంకెలు పడతాయి. ఒకటి లోపలి అంచుకి, ఒకటి బయటి అంచుకి ఎన్ని గ్రాములు తక్కువో చెప్పే అంకెలు. చక్రాన్ని చేత్తో తిప్పుతూ దీపం వెలిగిన చోట ఆపి, సరిగ్గా నెత్తి మీద సీసం ముక్క తగిలించి సుత్తితో కొడతాడు. మళ్లీ తిప్పుతాడు. రెండు సున్నాలు పడితే పని అయినట్టు. లోపలికీ బయటికీ వేరువేరుగా ఎందుకు వేయాలో కూడా చూసి తెలుసుకున్నాను. బరువు తేడా ఒక్క వరసలోనే ఉంటే చక్రం పైకీ కిందకీ ఎగురుతుంది. లోపల ఒక పక్క, బయట దానికి ఎదురు పక్క ఉంటే అటూ ఇటూ ఊగుతుంది. ఊగే చక్రం ముందుంటే స్టీరింగు కొట్టుకుంటుంది.

మేనల్లుడు చెయ్యనిది కూడా చూశాను. అతను చక్రాన్ని కడిగేవాడు కాదు. పాత సీసం ముక్కలు పీకేవాడు కాదు. వచ్చింది వచ్చినట్టు ఎక్కించి, అడిగినన్ని గ్రాములు దాని మీదే కొట్టేవాడు. అంకె సున్నా అయితే చాలు, డబ్బులు వచ్చేవి.

2004 నవంబరు. వానలు పడుతున్నాయి. రాత్రి పదకొండప్పుడు ఒక పికప్ బండి వచ్చి ఆగింది. రొయ్యల చెరువుల మీద తిరిగే బండి. ఐసు పెట్టెల్లో రొయ్యలు నెల్లూరు వైపు తోలుతుంది. డ్రైవరు దిగి, షాపు కట్టేసి ఉండడం చూసి అరుగు మీద కూలబడ్డాడు. నలభై ఏళ్లు ఉంటాయి.

‘‘తమ్ముడూ, మిషను మీద ఎవురన్నా ఉన్నారా?’’

‘‘పొద్దున తొమ్మిదికి వస్తారన్నా.’’

‘‘తొమ్మిదికి నేను లోడు దించేసి ఉండాల. ఇట్టాగే పోతే ఈ నెల కూడా కోస్తాడు.’’

అప్పుడు చెప్పాడు. బండి 75 దాటితే వణుకుతుంది. మూడు నెలల్నుంచీ ఇదే. ఆసామి మెకానిక్కు దగ్గరికి పంపితే టైరాడ్ ఎండ్లు మార్చారు, బుష్షులు మార్చారు, షాకులు మార్చారు. మా షాపులోనే రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించారు. తగ్గలేదు. టైర్లు గుంటలు గుంటలుగా అరిగిపోతున్నాయి. ‘నీకు తోలడం చేతగాక బండి పాడు చేస్తన్నావు’ అని ఆసామి నెలకు అయిదొందలు జీతంలో కోస్తున్నాడు. వచ్చే నెల కూడా ఇట్టాగే ఉంటే తాళాలు ఇచ్చి పొమ్మన్నాడు. కూతురు నర్సింగు చదువుతోందని కూడా చెప్పాడు.

మాటల్లో మాలపల్లె మనిషని తెలిసింది. నేనెవరో ఆయనకీ తెలిసింది. వర్గీకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసిన నెల అది. మా రెండు పల్లెల మధ్యా మాటలు బాగా పెరిగిన రోజులు. ఆ రాత్రి దాని గురించి మేమిద్దరం మాట్లాడలేదు. ఆయన టిఫిను డబ్బా తీసి అన్నం సగం నాకు పెట్టాడు. నేను తిన్నాను.

తిన్నాక, ‘‘అన్నా, ముందు ఒకసారి రోడ్డు మీదికి పోనియ్యి’’ అన్నాను.

60లో ఏమీ లేదు. 70 దాటాక చేతివేళ్లకు సన్నగా తెలిసింది. 80, 85 మీద స్టీరింగు రెండు చేతుల్లో కొట్టుకుంది. ఖాళీ టిఫిను డబ్బా మూత డాష్‌బోర్డు మీద టకటకా మోగింది. 95 మీద కొంచెం తగ్గినట్టయింది. నెమ్మదిగా బ్రేకు వేయించాను. వణుకు పెరగలేదు, కాబట్టి బ్రేకు డ్రమ్ముల పని కాదు. గేరు న్యూట్రల్‌లో వేసి వదిలేయమన్నాను. అయినా వణికింది, కాబట్టి ఇంజను పని కాదు. ప్రొపెల్లర్ షాఫ్టు చక్రం ఒక చుట్టు తిరిగేలోపు నాలుగు చుట్లు తిరుగుతుంది. దాని తప్పయితే గుయ్యిమని సన్నటి అదురు వస్తుంది. ఇది డుగ్ డుగ్‌మని దెబ్బలాంటి అదురు. సీటు కంటే స్టీరింగు ఎక్కువ కొట్టుకుంటోంది. అంటే ముందు చక్రాలు. సీటే అదిరితే వెనకవి చూడాలి.

షాపు తాళాలు నా దగ్గరే ఉంటాయి. అద్దాల గది తాళం కూడా ఆ గుత్తిలోనే ఉంది. ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా దాన్ని తిప్పలేదు. ఆ రాత్రి తిప్పాను. భయం వెయ్యలేదని చెప్పను. పని పోతే ఇంట్లో మా అమ్మ మందులు ఆగిపోతాయి.

ఎడమ ముందు చక్రం విప్పి లోపలి వైపు తిప్పి చూస్తే విషయం సగం అక్కడే తెలిసిపోయింది. రొయ్యల చెరువు కట్టల మీది బంకమట్టి రిమ్ము లోపల పట్టి, ఎండి, రాయిలా అయింది. ఒక వైపు అరచేయంత మందం. ఒక వైపు పెళ్ల ఊడిపోయి ఇనుము కనపడుతోంది. దానికి ఎదురుగా వరసగా నాలుగు సీసం ముక్కలు. ఏం జరిగిందో చెప్తాను. ఆ మట్టి మొత్తం ఉన్నప్పుడు దాన్ని చక్రంలో భాగమే అనుకుని దానికి ఎదురు తూకం వేశారు. ఆ రోజుకి సున్నా వచ్చింది. రెండు రోజులు పోయాక ఒక పెళ్ల రోడ్డు మీద రాలిపోయింది. మట్టి పోయింది, సీసం మిగిలింది. మట్టిని సరిచేయడానికి వేసిన బరువే ఇప్పుడు తప్పు బరువయింది. రెండోసారి వచ్చినప్పుడు మళ్లీ దాని మీదే ఇంకో ముక్క కొట్టారు.

స్క్రూడ్రైవరుతో గీకాను. ఇనప బ్రష్షుతో రుద్దాను. డ్రైవరన్న తొట్లోంచి నీళ్లు పోశాడు. పటకారుతో పాత సీసాలన్నీ పీకేశాను. టైరు గాళ్లల్లో ఇరుక్కున్న కంకర రాళ్లు తీశాను. అప్పుడు మిషను ఎక్కించాను. లోపల 15, బయట 25. అంతే. అంతకుముందు ఆ రిమ్ము మీద వంద గ్రాములకు పైగా సీసం ఉంది. కొత్త ముక్కలు రెండు కొట్టి తిప్పితే రెండు సున్నాలు పడ్డాయి.

వంద గ్రాములు ఎంత, పావు కిలో కూడా కాదు గదా అనొచ్చు. చదువుకునే తమ్ముళ్లు లెక్క వేసుకోండి. పికప్ చక్రం 90 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి దాదాపు 700 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు సుమారు 12. రిమ్ము అంచున 50 గ్రాములు తేడా ఉంటే, ఆ వేగంలో అది దాదాపు అయిదు కిలోల బలంతో లాగుతుంది. సెకనుకు పన్నెండుసార్లు అయిదు కిలోల సుత్తి దెబ్బ అనుకోండి. 30లో పోతుంటే అదే 50 గ్రాముల లాగుడు అర కిలోకి కొంచెం పైన ఉంటుంది. చేతికి తెలవదు. వడిసెల లెక్కే.

ఈ లెక్క చేసినప్పుడల్లా నాకు మా ఊరు గుర్తొస్తుంది. మేం చెప్పులు చేత్తో పట్టుకుని నెమ్మదిగా నడిచినంత కాలం ఊరు ప్రశాంతంగా ఉందనే అన్నారు. మా వాళ్లు సైకిలెక్కాక, కాలేజీకి పోయాక, ఓటు తమకు నచ్చినవాడికి వేశాక ఊరు వణికింది. వీళ్లు వచ్చి ఊరు చెడగొట్టారన్నారు. తేడా ముందు నుంచీ అక్కడే ఉంది. మేం వేగం అందుకున్నాక తెలిసింది, అంతే. బండి వణికితే డ్రైవరు జీతం కోసినట్టే ఇది కూడా.

కుడి ముందు చక్రం ఇంకో కథ. దాన్నీ కడిగి ఎక్కించాను. బయట 120 అడిగింది. అంత అడిగితే అనుమానించాలి. అయినా వేశాను, సున్నా వచ్చింది. చక్రాన్ని బండికి బిగించి, ఇంకా జాకీ మీదే ఉండగా సుద్దముక్క తీసుకున్నాను. ఇటుకల మీద చెయ్యి కదలకుండా ఆనించి, సుద్దను టైరుకి వెంట్రుకవాసి దూరంలో పెట్టి చక్రాన్ని నెమ్మదిగా తిప్పాను. గుండ్రంగా ఉన్న టైరయితే సుద్ద చుట్టూ ఒకేలా గీసుకోవాలి, లేకపోతే ఎక్కడా తగలకూడదు. ఇది ఒక్కచోటే, జానెడు పొడవున గీసుకుంది. ఆ చోట టైరు ఎత్తుగా ఉంది. వేలితో తడిమితే రబ్బరు అతుకు తెలిసింది. అరిగిన టైరు మీద కొత్త పొర వేయించిన రీట్రెడింగ్ టైరు అది. పొర ఒకచోట మందంగా పడింది. రీట్రెడింగ్ టైర్లన్నీ చెడ్డవని నేననను. బాగా చేసినవి వేల కిలోమీటర్లు పోతాయి. ఇది సరిగా చేయనిది. పైగా స్టీరింగు ఉండే ముందు చక్రానికి వేశారు.

ఇది మిషను చెప్పని సంగతి. తూకం సరిపోయినా ఆకారం గుండ్రంగా లేకపోతే చక్రం రోడ్డు మీద కుంటుతుంది. ఎత్తున్న చోటికి వచ్చినప్పుడల్లా బండిని పైకి లేపుతుంది. సీసం ఎంత కొట్టినా దాన్ని సరిచేయలేం. టైరు పొరలు చిన్నప్పటినుంచీ వలిచిన ఇంట్లో పుట్టాను కాబట్టి ఆ అతుకు నా వేలికి తెలిసింది. మా నాయన రంపె ఉంటే ఆ మందం ఎంతో అక్కడికక్కడే చెప్పేవాణ్ణి.

స్టెప్నీ కిందకి దించాం. పాతదే గానీ కంపెనీ టైరు, సుద్దకు నిలబడింది. దాన్ని కడిగి, తూకం వేసి కుడి ముందుకి బిగించాను. రీట్రెడింగ్ టైరు స్టెప్నీకి పోయింది. వెనక రెండూ కూడా కడిగి వేశాను. నట్లు వరసగా కాకుండా ఒకదాని తర్వాత దానికి ఎదురుగా ఉన్నది బిగించుకుంటూ వచ్చాను. వరసగా బిగిస్తే చక్రం హబ్బు మీద పక్కకి కూచుంటుంది, చేసిన తూకమంతా వృథా అవుతుంది. గాలి నాలుగింటికీ చూశాను.

తెల్లవారుజాము మూడున్నరకి రోడ్డెక్కాం. 70. 80. 85. డ్రైవరన్న నా వైపు చూశాడు. 90. డాష్‌బోర్డు మీద టిఫిను డబ్బా మూత ఉంది. మోగలేదు. ఆయన ఒక చెయ్యి స్టీరింగు మీద నుంచి తీసి తొడ మీద పెట్టుకున్నాడు. కొంచెం దూరం పోయాక, ‘‘నా చేతులే పాడైపోయినాయేమో అనుకున్నా తమ్ముడూ’’ అన్నాడు. మూడు నెలలు ఎవరో ఒకరు ‘నీకు తోలడం రాదు’ అంటుంటే ఇరవై ఏళ్లు తోలిన మనిషి కూడా అట్లా నమ్మే స్థితికి వస్తాడు.

నా కథ ఇక్కడ ఆపితే బాగుంటుంది. కానీ పొద్దున కూడా జరిగింది.

లోడు దించి తిరిగొస్తూ డ్రైవరన్న ఆసామిని కూడా షాపుకి రమ్మన్నాడు. పని జరిగింది కాబట్టి బిల్లు కావాలి. ఓనరు వచ్చేసరికి అద్దాల గదిలో నీళ్లు, మట్టి. ‘‘ఎవడ్రా తాళం తీసింది?’’ అన్నాడు. నేనే అన్నాను. చెయ్యి లేపాడు గానీ ఆసామి ఉన్నాడని ఆగాడు.

ఆసామి బండి తోలి చూసుకుని వచ్చాడు. ‘‘ఇప్పుడు బానే ఉంది. డ్రైవరు సరిగ్గా తోలితే బానే ఉంటది’’ అన్నాడు.

డ్రైవరన్న ఏమీ అనలేదు. నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఊళ్లో పంచాయితీ జరిగేటప్పుడు మా నాయన వైపు మా వాళ్లు అట్లాగే చూసేవాళ్లు. మా నాయన ఎన్నోసార్లు తల దించుకున్నాడు. నేను దించుకోలేదు. ధైర్యం ఎక్కువై కాదు. చేసిన పని నా చేతుల్లో ఇంకా వేడిగా ఉంది.

స్టెప్నీ దించి, జాకీ మీద చక్రం ఎక్కించి, సుద్దముక్క ఆసామి చేతికే ఇచ్చాను. ‘‘మీరే పట్టుకోండి’’ అన్నాను. తిప్పాను. సుద్ద ఒక్కచోటే గీసుకుంది. ‘‘ఈ టైరు వేయించింది డ్రైవరు కాదు. మట్టి కడక్కుండా సీసం కొట్టింది కూడా డ్రైవరు కాదు. ఆయన జీతం కోయడం న్యాయం కాదండీ’’ అన్నాను.

షాపు ముందు పదిమంది ఉన్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆసామి సుద్దముక్క పారేసి, ‘‘ఏ పల్లె రా నీది?’’ అన్నాడు.

సుద్ద గీత చూశాక ఆయనకు వచ్చిన అనుమానం అది. చెప్పాను. పేరు కూడా పూర్తిగా చెప్పాను.

ఓనరు నన్ను పక్కకు పిలిచి, ‘‘కస్టమరు మీద నోరు లేపుతావా? రేపట్నించి రాబాక’’ అన్నాడు. ఆ నెల జీతంలో వారం రోజులది ఇవ్వలేదు. ఇంటికి పోయి మా నాయనకు చెప్తే, ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు. ‘‘రెండూ సమానంగా వచ్చినయ్యా?’’ వచ్చినయ్యన్నాను. ‘‘ఇంక పడుకో’’ అన్నాడు.

పన్నెండు రోజుల తర్వాత ఓనరే కబురు పెట్టాడు. రొయ్యల బండ్ల డ్రైవర్లు నలుగురైదుగురు వచ్చి, ‘కడిగి చేసే కుర్రోడు ఎక్కడ?’ అని అడిగారట. లేడంటే పక్క ఊరు పోయారట. ఓనరుకు నా మీద దయ కలగలేదు, గల్లా పెట్టె బరువు తగ్గింది. నేను పోయాను. మా అమ్మ మందులకు డబ్బు కావాలి. పౌరుషం అని ఇంట్లో కూచుంటే నడవదు. కానీ అద్దాల గదిలో నేనే ఉంటానని చెప్పి పోయాను. ఒప్పుకున్నాడు. మేనల్లుడు గల్లా దగ్గరికి మారాడు.

2009లో నేను సొంతంగా షాపు పెట్టుకున్నాను. పాత మిషను ఒకటి కొన్నాను. రేకుల షెడ్డు. 2010లో రోడ్డు నంబరు మారి 16 అయింది, బోర్డు మళ్లీ రాయించుకోవాల్సి వచ్చింది. బోర్డు మీద పేరు పూర్తిగానే రాయించాను. అది చూసి వెనక్కి తిరిగిన బండ్లు ఉన్నాయి. ఆగిన బండ్లు ఎక్కువ.

మా నాయన పోయేముందు ఒకసారి షాపుకి వచ్చాడు. మిషను తిరగడం చూశాడు. పది గ్రాముల సీసం ముక్క ఒకటి, పదిహేనుది ఒకటి రెండు అరచేతుల్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ‘‘ఇది ఎక్కువ’’ అన్నాడు కుడిచెయ్యి చూపిస్తూ. కరెక్టే.

ఈ పని నేర్చుకునే పిల్లలు నా దగ్గర ఇప్పుడు ముగ్గురున్నారు. మూడు పల్లెల వాళ్లు. సీసం విషం కాబట్టి సబ్బుతో చేతులు కడగందే అన్నం ముట్టుకోనివ్వను. దొరికినప్పుడు సీసానికి బదులు జింకు ముక్కలే వాడుతున్నాం. మిషను ఎవరైనా ముట్టుకోవచ్చు. ఒక్కటే షరతు. ముందు మట్టి కడగాలి, పాత బరువులు పీకాలి, తర్వాత తూకం. మట్టి మీద వేసిన తూకం మట్టి రాలేదాకే ఉంటుంది.

డ్రైవరన్న ఇప్పుడు బండి తోలడం లేదు. కూతురు నర్సు అయింది. అప్పుడప్పుడూ షాపుకి వచ్చి కూచుంటాడు, టీ తాగుతాం. మూడు నెలలు కోసిన పదిహేనొందలు మాత్రం ఆయనకు తిరిగి రాలేదు. నా వారం రోజుల జీతం కూడా.